5 రోజుల జనరల్, 15 నెలల గవర్నర్

తార్నాకలో మెట్రో దిగి, నడుచుకుంటూ ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ దాకా వచ్చాను. ఇవాళ్టి ఎపిసోడ్ ఇక్కడి నుంచే. సెప్టెంబర్ 17 వచ్చిందంటే చాలు, క్యాంపస్‌లో పాత వాదన మళ్ళీ మొదలవుతుంది. విమోచనమా, విలీనమా, విద్రోహమా? ప్రభుత్వాలు మారితే ఆ రోజు పేరు కూడా మారుతోంది. కానీ ఈ వాదనలో ఒకాయన పేరు పెద్దగా వినబడదు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి.

పేరు చూసి మన కోస్తా వైపు ఆయన అనుకునేరు, కాదు. బెంగాలీ. పూర్తి పేరు జయంతనాథ్ చౌదరి. 1908లో పుట్టాడు. ఇంగ్లండ్‌లోని శాండ్‌హర్స్ట్‌లో చదివి, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఇండియా సైన్యం తరఫున ఆఫ్రికాలో, బర్మాలో పనిచేశాడు.

1947 ఆగస్టులో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది కానీ హైదరాబాద్ సంస్థానం బయటే ఉండిపోయింది. నిజాం యూనియన్‌లో చేరనన్నాడు. ఊళ్ళ మీద రజాకార్ల దాడులు. మరోపక్క నల్గొండ, వరంగల్ పల్లెల్లో దొరల మీద రైతుల సాయుధ పోరాటం. 1948 సెప్టెంబర్ 13న సైన్యం కదిలింది. పేరు ఆపరేషన్ పోలో. షోలాపూర్ వైపు నుంచి వచ్చిన ప్రధాన బలగానికి చౌదరి నాయకుడు. 17న నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, చౌదరి ముందు లొంగిపోయాడు. అక్కడితో యుద్ధం ఖతం.

మన సినిమాలు, స్టేటస్ వీడియోలు కూడా సరిగ్గా అక్కడే ఆగిపోతాయి. అసలు కథ ఆ తర్వాత మొదలైంది. 40 ఏళ్ళ ఆ జనరల్‌నే హైదరాబాద్‌కి మిలిటరీ గవర్నర్‌ని చేశారు. 1949 చివరి దాకా, దాదాపు 15 నెలలు ఆయనదే పాలన. నిజాం పేరుకి గద్దె మీదే ఉన్నాడు, ఫర్మానాలు ఆయన పేరు మీదే వచ్చాయి. అధికారం మాత్రం చౌదరిది.

ఆ 15 నెలల్లో ఏం జరిగింది? మంచి పని ముందు చెప్పుకుందాం. 1949 ఆగస్టు 15న జాగీర్దారీ రద్దు అమల్లోకి వచ్చింది. సంస్థానంలో సుమారు 30 శాతం భూమి జాగీర్ల కింద ఉండేది. అక్కడ పన్ను వసూలు చేసేదీ, తీర్పు చెప్పేదీ జాగీర్దారే. కలం పోటుతో ఆ వ్యవస్థ పోయింది. చిన్న విషయం కాదు.

కానీ దేశ్‌ముఖ్‌ల భూములు ఈ చట్టం కిందికి రాలేదు. రజాకార్లను అణచడానికి వచ్చిన సైన్యమే తర్వాత రైతుల దళాల మీదికి తిరిగింది. ఊరొదిలి పట్నానికి పారిపోయిన దొరలు సైన్యం అండతో తిరిగొచ్చారు. ఆ పోరాటం 1951 అక్టోబర్‌లో విరమించే దాకా సాగింది.

ఇంకో వైపు ఉంది, చెప్పడానికి కష్టంగా ఉంటుంది. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద ఘోరమైన హింస జరిగింది. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ, చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది అని అంచనా వేసింది. కొన్నిచోట్ల సైనికులు జనాన్ని కాపాడారనీ, కొన్నిచోట్ల దోపిడీలో పాలుపంచుకున్నారనీ రెండూ రాసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. రజాకార్లు బైరాన్‌పల్లిలో చేసింది మర్చిపోకూడదు, దీన్నీ మర్చిపోకూడదు. ఒక శవాన్ని చూపించి ఇంకో శవాన్ని దాచలేం కదా.

ఇక మన క్యాంపస్ సంగతి. 1918లో ఉర్దూ మాధ్యమంతో పుట్టిన యూనివర్సిటీ ఇది. 1948 తర్వాత ఇక్కడ ఉర్దూ పోయి ఇంగ్లిష్ వచ్చింది. పల్లె నుంచి వచ్చిన తెలుగు పిల్లాడికి అదీ పరాయి భాషే, ఇదీ పరాయి భాషే. ఆఫీసుల్లోకి బయటి రాష్ట్రాల అధికారులు వచ్చారు. 1952లో ముల్కీ ఉద్యమం, సిటీ కాలేజీ దగ్గర కాల్పులు, 1969లో ఇదే ఉస్మానియా నుంచి లేచిన తెలంగాణ ఉద్యమం. ఆ కోపం వేర్లు వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే, ఒక వేరు ఆ 15 నెలల దాకా పోతుంది.

చౌదరి మాత్రం పైకి ఎదిగాడు. 1961లో గోవా సైనిక చర్య జరిగినప్పుడు సదరన్ కమాండ్ అధిపతి ఆయనే. అక్కడా అంతే, దాడి నడిపిన జనరల్ కాండెత్‌నే మిలిటరీ గవర్నర్‌ని చేశారు. కాకపోతే ఆరు నెలల్లో పౌర పాలన వచ్చేసింది. 1962 చైనా యుద్ధం ఓటమి తర్వాత చౌదరి ఆర్మీ చీఫ్ అయ్యాడు. 1965 పాకిస్తాన్ యుద్ధం ఆయన హయాంలోనే. 1983లో చనిపోయాడు.

ఆయన హీరోనా, విలనా అని తేల్చడం నా పని కాదు. నేను చెప్పేది ఒక్కటే. యుద్ధం గెలవడానికి 5 రోజులు పట్టింది. ఎవరి భూమి ఎవరికి, ఏ భాషలో చదువు, ఎవరికి ఉద్యోగం, చచ్చినవాళ్ళ లెక్క ఎవరు చెప్పాలి, ఇవన్నీ ఆ తర్వాతి ప్రశ్నలు. వచ్చే సెప్టెంబర్ 17న ఎవరైనా మిమ్మల్ని "విమోచనమా, విలీనమా?" అని అడిగితే, మీరు తిరిగి ఒక మాట అడగండి: "సరే భాయ్, మరి 18 నుంచి ఏం జరిగింది?"

ఉంటాను ఫ్రెండ్స్. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.