డొంక బాటల సంరక్షణము

(నకరికల్లు రైతుల యెదుట చేసిన యుపన్యాసము)



1967వ సంవత్సరమున నాగార్జునసాగరు కుడికాలువకు నీరు వదలిన నాటి నుండి మన ప్రాంతపు సేద్యము మారినది. వర్షాధారముగా జొన్న పండిన అనేక చేలలో నేడు వరి, మిరప, ప్రత్తి పండుచున్నవి. పంటతోబాటు బండి బరువును పెరిగినది. అందులకు దగిన మార్గములును వచ్చినవి. నార్కెట్‌పల్లి నుండి అద్దంకి మీదుగా మేదరమెట్లకు పోవు రహదారి మన యొద్దనే యున్నది. 2011–12 సంవత్సరమున మంజూరైన నడికుడి–శ్రీకాళహస్తి రైలుమార్గములో మొదట సిద్ధమైన పిడుగురాళ్ల–శావల్యాపురము భాగము మన నకరికల్లు మీదుగానే పోవుచున్నది. 2022 ఏప్రిలు 4వ తేదీన నరసరావుపేట జిల్లా కేంద్రమైనది.

ఇన్ని యున్నను, కళ్ళము నుండి రహదారి వఱకు గల డొంక చెడియున్నచో వీని ఫలము రైతునకు దక్కదు. నల్లరేగడి వాన తగిలిన జిగురగును. ఎండిన పిమ్మట చక్రపు గాడులు ఱాయివలె గట్టిపడును. లారీ లోనికి రాదు. సరకును ట్రాక్టరుపై రహదారికి చేర్చి మరల లారీ కెత్తవలయును. ఎగుమతి కూలి రెండు మారులు! ఈలోపల వాన పడి మిరప తడిసినచో బూజు పట్టి ధర పడిపోవును.

రెవెన్యూ కాగితములను తెనిగించు నుద్యోగమున డొంక తగాదాల అర్జీలు నాకు పెక్కు వచ్చినవి. అర్జీదారుడు పొరుగువాని ఆక్రమణను విపులముగా వ్రాయును. తన గట్టు జరిగిన సంగతి వ్రాయడు. సర్వేయరు గొలుసు లాగిన పిమ్మట ఇరువురి గట్లును డొంకలోనే తేలును. నాలుగడుగుల వెడల్పున రెండువందల అడుగుల పొడవు కలుపుకొన్న రైతునకు లభించునది రెండు సెంట్లైనను కాదు. దానికై వెనుక చేలవారందఱును, వారితో తానును, ఏటేట రెండు కూలులు చెల్లింతురు.

కావున ఈ క్రింది పనులు చేయవలయును.

1. గ్రామపటము ననుసరించి డొంక కొలిపించి హద్దురాళ్ళు పాతుడు. డొంక ప్రభుత్వపు పోరంబోకు. 1905వ సంవత్సరపు భూ ఆక్రమణ చట్టము క్రింద ఆక్రమించినవానిని తొలగింపవచ్చును. అంతదాక రానీయక స్వయముగా గట్టు వెనుకకు జరుపుకొనుట మర్యాద.

2. చేని మురుగును డొంకలోనికి వదలకుడు. నీరు దాటింపవలసిన చోట తూము వేయుడు.

3. పది అడుగుల బాటకు నడుమ రెండు మూడంగుళముల ఎత్తుండునట్లు మొరము పోసి గట్టిపరచుడు. ఇరుప్రక్కల కాలువలు త్రవ్వుడు. నీరు నిలువని బాటయే నిలుచును.

4. దమ్ము చేయు ఇనుపచక్రములతో ట్రాక్టరును బాటపై నడుపకుడు.

మిరప కళ్ళములు ముగిసి ఏరువాక రాకమునుపే ఈ పనికి తగిన సమయము. ఒక్కొక్క డొంక రైతులు ఒకచోట కూడి, ముందుగా ఎవరి గట్టు వారు చూచుకొని పని ప్రారంభింతురు గాక!