ఒకుదెరా ఎడమకాలు

మొన్న తరగతిలో ఒక కుర్రవాడు లేచి, "సార్, జర్మనీ క్లబ్బుల్లో ఇంతమంది జపాన్‌వాళ్ళు ఆడుతున్నారు కదా, అందరికంటే ముందు వెళ్ళిందెవరు?" అని అడిగాడు. ఆ జవాబే ఈవేళ మీకూ చెబుతాను.

ఆయన పేరు ఒకుదెరా యాసుహికో. 1952లో అకితా ప్రాంతంలో పుట్టాడు. 1970లో ఫురుకావా ఎలక్ట్రిక్ కంపెనీలో చేరాడు. అప్పట్లో జపాన్‌లో ఫుట్‌బాల్ ఆడి బతికేవారు లేరండీ. కంపెనీలకు జట్లుండేవి. జీతం ఉద్యోగానికే తప్ప ఆటకు కాదు.

1977లో జపాన్ జట్టు పశ్చిమ జర్మనీ వెళ్ళినప్పుడు కొలోన్ క్లబ్బు శిక్షకుడు హెన్నెస్ వైస్‌వైలర్ కంట్లో పడ్డాడు ఒకుదెరా. ఆ ఎడమకాలి దెబ్బ ఆయనకు నచ్చింది, రమ్మన్నాడు. మనవాడు మొదట వద్దన్నాడు. మీరే ఆలోచించండి. వయసు పాతికేళ్ళు, చేతిలో నికరమైన కొలువు, అక్కడి భాష రాదు. అడిగి తెలుసుకుందామంటే ముందు వెళ్ళినవాడు ఒక్కడూ లేడు. మన ఇళ్ళలోనైతే పెద్దవాళ్ళు గడప దాటనిచ్చేవారా? చివరికి మనసు మార్చుకుని, ఆ ఏడు అక్టోబరులో చేరాడు.

ఇక 1978 ఏప్రిల్ 29. లీగులో ఆఖరి రోజు. కొలోన్, మున్షెన్‌గ్లాడ్‌బాఖ్ జట్లకు పాయింట్లు సమానం, గోళ్ళ తేడాలో కొలోన్‌ది పది పైచేయి. ఆ రోజు గ్లాడ్‌బాఖ్ జట్టు డోర్ట్‌మండ్ మీద పన్నెండు గోళ్ళు కొట్టింది, ఒక్కటీ ఇవ్వలేదు! అటు హాంబర్గ్‌లో కొలోన్ అయిదు కొట్టింది. అందులో రెండు ఒకుదెరావి. మూడు గోళ్ళ తేడాతో కిరీటం దక్కింది. లెక్కల మాస్టారిలా చెబుతున్నానని నవ్వకండి గాని, ఆ రెండూ తీసేస్తే మిగిలే తేడా ఒక్క గోలు.

మరుసటి ఏడు యూరోపియన్ కప్పు సెమీఫైనల్లో నాటింగ్‌హామ్‌లో మారు ఆటగాడుగా దిగి, స్కోరు 3-3 చేసిన గోలు వేశాడు. ఆ కప్పులో ఆసియావాడు వేసిన తొలి గోలు అదే. ఇంటి మైదానంలో రెండో ఆట మాత్రం కొలోన్ ఓడిపోయింది.

బెర్లిన్‌లో కొన్నాళ్ళు ఆడాక, 1981 నుంచి అయిదేళ్ళు బ్రెమెన్. అక్కడ శిక్షకుడు ఒట్టో రేహాగెల్ ఎడమవైపు ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడాడు, వెనక రక్షణలో కూడా. గోళ్ళు వేసి పేరు తెచ్చుకున్నవాడు ఆ పనికి ఒప్పుకోవడమే నాకు గొప్పగా తోస్తుంది. బ్రెమెన్ మూడుసార్లు రెండో స్థానంలోనే ఆగింది. మొత్తం మీద జర్మనీ మొదటి శ్రేణిలో ఆయన ఆడినవి 234 ఆటలు.

దీనికి వెల కూడా కట్టాడు. జర్మనీలో ఉన్న ఆ ఏళ్ళలో సొంత దేశపు జట్టుకు ఆడలేదు.

1986లో ఫురుకావాకే తిరిగి వచ్చాడు. అయితే ఈసారి గుమాస్తాగా కాదు. కిమురా కజుషితో పాటు, ఆటకే జీతం తీసుకునే ఆటగాడుగా జపాన్ సంఘం ఆయన్ను గుర్తించింది. 1988లో ఆట మానేశాడు. 1993లో జపాన్‌లో వృత్తి లీగు మొదలైంది. ఫురుకావా జట్టు జెఫ్ యునైటెడ్ పేరుతో అందులో దిగింది. 1996లో ఆ జట్టుకు శిక్షకుడు ఒకుదెరాయే.

సెలవు.