వాషింగ్ మెషిన్ సాకెట్‌లో ఎర్త్ ఉందా? ఇలా చూసుకోండి

కొత్త వాషింగ్ మెషిన్ వచ్చింది, ప్లగ్ పెట్టాం, తిరుగుతోంది. అంటే వైరింగ్ బాగున్నట్టేనా? కాదు. ఎర్త్ లేకపోయినా మెషిన్ చక్కగా తిరుగుతుంది. అందుకే ఆ లోపం మనకు తెలీదు.

ముందు లోడ్ సంగతి. హీటర్ ఉన్న ఫ్రంట్ లోడ్ మెషిన్ నీళ్లు వేడి చేసేటప్పుడు సుమారు 2000 వాట్లు లాగుతుంది. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 9 ఆంప్స్. 6 ఆంప్స్ చిన్న సాకెట్, కన్వర్టర్ ప్లగ్, మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దే వద్దు, వేడెక్కి కరిగిపోతాయి. 16 ఆంప్స్ సాకెట్, దానికి విడిగా 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 16 ఆంప్స్ ఎంసీబీ వేయించండి.

ఇప్పుడు అసలు విషయం. సాకెట్‌లో పైన ఉండే పెద్ద హోల్ ఎర్త్‌ది. లోపల ఎక్కడైనా కరెంటు మెషిన్ బాడీకి తగిలితే, అది ఎర్త్ వైరు గుండా పోవాలి. ఆ దారి లేకపోతే? తడి చేత్తో ముట్టుకున్న మనిషే దారి అవుతాడు.

ఎంసీబీ ఉంది కదా అంటారా? అది ఓవర్‌లోడ్‌కి, షార్ట్ సర్క్యూట్‌కి. షాక్ నుంచి మనిషిని కాపాడటానికి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ కావాలి. దాని టెస్ట్ బటన్ అప్పుడప్పుడూ నొక్కండి. టక్కున ఆఫ్ అవ్వాలి.

అద్దె ఇల్లయినా సరే, ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చెక్ చేయించండి. "ఎర్త్ లేదు, న్యూట్రల్‌కి కలిపేస్తా" అంటే ఒప్పుకోవద్దు. న్యూట్రల్ తెగిందంటే బాడీ మొత్తం కరెంటే!

మెషిన్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? మళ్లీ ముట్టుకోకుండా ఎంసీబీ ఆపేయండి. రిపేరయ్యాకే బట్టలు. సేఫ్‌గా ఉండండి, ఉంటాను!