స్పిరులినా కొనేముందు

మందుల షాపుల్లో స్పిరులినా అని ఆకుపచ్చ బిళ్లలు చూసే ఉంటారు. నీటిలో పెరిగే నాచు లాంటి సూక్ష్మజీవి అది. మాంసం తినని వాళ్లకు మంచి ప్రొటీన్ అంటారు. నిజమే, ఎండిన పొడిలో సగానికి పైగా ప్రొటీనే. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు కూడా దీనిమీద పరిశోధనలు చేశారు.

అయితే మనం మింగేది ఎంత? రోజుకు ఒక చెంచా పొడి. అందులో ప్రొటీన్ సుమారు 3 గ్రాములు. గుప్పెడు శెనక్కాయల్లో అంతకు రెట్టింపు ఉంటుంది. మన అనంతపురం ఎర్రనేలల్లో వానాధారంగా పండే శెనక్కాయలే! సంగటిలోకి ఊరిబిండి, సాయంత్రం ఉలవ గుగ్గిళ్లు, పప్పు, పెరుగు. ముందు ఇవి తినాలి, ఆ తర్వాతే బిళ్లలు.

ఇంకో మాట, గట్టిగా చెప్పాల్సిన మాట. స్పిరులినాతో విటమిన్ బి12 లోపం తీరదు. అందులో ఉన్నది ఎక్కువగా మన ఒంటికి పనికిరాని రకం. డాక్టరు రాసిన బి12 మాత్రలు మానకండి.

అయినా కొంటారా? విడిపొడి వద్దు. కలుషితమైన నీటిలో పెంచితే విషపు నాచు, సీసం చేరవచ్చు. డబ్బా మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఎఐ లైసెన్సు నంబరు, గడువు తేదీ చూడండి. గర్భిణులు డాక్టరును అడగకుండా వాడొద్దు. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే, దానితో పిల్లలకు శెనక్కాయలు, పప్పులు కొనండి.