లెక్క అందరికీ, దయ అందరికీ
(ప్రసంగ పాఠం)



నేను ఒమన్‌లో, మస్కట్ కొండల వెనుకనున్న అల్ అమెరాత్‌లో ఉంటున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరును. 2021 టీ20 ప్రపంచకప్ తొలి మ్యాచ్ జరిగింది మా ఊళ్ళోనే. అప్పటి ఒమన్ జట్టు కెప్టెన్ పాకిస్తాన్‌లో పుట్టినవాడు. జట్టులోని సందీప్ గౌడ్ మన హైదరాబాదులో పుట్టినవాడు. అంపైరు ఎవరి పుట్టుకా అడగడు. గీత దాటితే ఎవరికైనా నోబాలే.

మైదానం బయట మన కొలతలే మారిపోతాయి. వీసా గడువు దాటిన కూలీని గల్ఫులో మనవాళ్ళు ‘ఖల్లివల్లి’ అంటారు. పోతే పోనీ అని దాని అర్థం. అదే అమెరికాలో మన బంధువుల అబ్బాయికి స్టేటస్ పోతే, “పాపం, కాలం కలిసిరాలేదు” అంటాం. ఇద్దరూ దాటింది గడువే కదా, మాట ఎందుకు మారింది?

గడువు దాటడం తప్పు కాదని నేననను. అయితే లెక్క అడిగేటప్పుడు అందరినీ అడగాలి. జీతం ఆపిందెవరు? పాస్‌పోర్టు దాచిందెవరు? ఒమన్ 2023 కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. 2021 జనవరి నుంచి, ఒప్పందం ముగిసినవారు పాత యజమాని ఇచ్చే ఎన్‌ఓసీ లేకుండానే కొత్త కొలువులో చేరవచ్చు. ఇవి జాలితో ఇచ్చినవి కావు. అధికారం ఉన్నవాడినీ జవాబుదారీ చేసే నియమాలు.

దయకూ చోటుంది. కరోనా కాలంలో, 2020 నవంబరులో, శాశ్వతంగా దేశం విడిచి వెళ్ళే కార్మికులకు ఒమన్ ప్రభుత్వం జరిమానాలు మాఫీ చేసింది. 2025లోనూ మాఫీకి అవకాశమిచ్చింది. తప్పు లేదని ఎవరూ అనలేదు. పేరు నమోదు చేసుకోవాలి, ప్రయాణం కావాలి. అప్పులో మునిగినవాడిని జరిమానా కోసం ఇంకా పట్టి ఉంచితే ఎవరికి లాభం?

అందుకే మన సంఘాలకు నాదొక విన్నపం. సహాయ నిధి తెలుగువారికే అని గిరి గీసుకుంటే గీసుకుందాం, నిధికి హద్దు ఉంటుంది. కానీ అరబ్బీ కాగితం చదివిపెట్టడానికి, ఆన్‌లైన్ దరఖాస్తు నింపిపెట్టడానికి గిరి దేనికి? కరీంనగర్ తమ్ముడి పక్కన వరుసలో నిలబడ్డ బంగ్లాదేశీ కుర్రవాడిదీ అదే కాగితం. పది నిమిషాల పని.

మన రంగు చూసి ఎవరైనా చిన్నచూపు చూస్తే ఏ దేశంలో ఉన్నా మనం ఊరుకోం, ఊరుకోకూడదు కూడా. ఆ హక్కు నిలబడాలంటే, మన ఇంట్లో పనిచేసే ఆఫ్రికా అమ్మాయికి నెల తిరిగేసరికి జీతం అందాలి, ఆమె పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉండాలి.