“మీ కోసం” అని చూపించే సరుకులు: పగ్గం మన చేతిలో ఎంత?

(ఎపిసోడ్‌లో మాట్లాడినదే ఇది. వినే తీరిక లేనివాళ్ల కోసం కొంచెం సర్ది ఇక్కడ పెడుతున్నాం.)

లీడ్స్ నుంచి మాట్లాడుతున్నాను. బస్సులో డ్యూటీకి వెళ్తూ వింటున్నవాళ్లకి, నైట్ షిఫ్ట్ బ్రేక్‌లో ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటున్నవాళ్లకి, రేపటి డబ్బాకి కూర వండుకుంటూ వింటున్నవాళ్లకి, అందరికీ నమస్కారం.

ఈసారి విషయం పైకి చిన్నదిగా కనిపిస్తుంది. ఆన్‌లైన్ స్టోర్ యాప్ తెరవగానే “మీ కోసం”, “మీకు నచ్చవచ్చు”, “వీటిని కలిపి కొంటారు” అంటూ వరసగా సరుకులు చూపిస్తుంది కదా. ఆ వరసలో ఏం రావాలో ఎవరు తేలుస్తున్నారు? అందులో మన మాట ఎంత చెల్లుతుంది? ఇవాళ్టి మాట ఇదే. దీనికో ఎపిసోడ్ ఎందుకు అంటారేమో. ఇందులో మన డబ్బు ఉంది, పరువు కూడా ఉంది. రెండూ చెప్తాను.

అందరికీ ఒకే బల్ల

మన ఊరి నుంచే మొదలుపెడదాం. సిటీ సెంటర్‌లో కర్క్‌గేట్ మార్కెట్ ఉంది కదా, చేపలకీ కూరగాయలకీ మనలో చాలామంది వెళ్లేదే. 1884లో అక్కడ మైకేల్ మార్క్స్ అనే ఆయన ఒక బల్ల పెట్టుకుని అమ్మకం మొదలుపెట్టాడు. ఆయనా మనలాగే పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడే. ఇప్పటి బెలారస్‌లో ఉన్న స్లోనిమ్‌లో పుట్టిన యూదుడు. ఇంగ్లీషు అంతంతమాత్రం. బేరాలతో పని లేకుండా ఆయన బల్ల మీద వస్తువు ఏదైనా ఒక పెన్నీయే. ధర అడగక్కర్లేదు, అంతా పెన్నీయే అని బోర్డు కూడా పెట్టాడు. పదేళ్లకి, 1894లో, టామ్ స్పెన్సర్ వచ్చి కలిశాక అదే మార్క్స్ అండ్ స్పెన్సర్ అయింది.

ఆ బల్ల గురించి ఎందుకు చెప్తున్నానంటే, దాని ముందు ఎవరు నిలబడినా కనిపించేది ఒకటే. మిల్లులో పనిచేసే పిల్లకీ, బంగళాలో ఉండే దొరసానికీ ఒకే సరుకు, ఒకే ధర. ఇప్పుడు మన ఫోన్‌లో ఉన్న బల్ల అలాంటిది కాదు. నాకు ఒకటి పరుస్తారు, మీకు ఇంకొకటి పరుస్తారు. పక్కవాడి బల్ల మీద ఏముందో మనకి కనపడదు. కాబట్టి మనకి చూపిస్తున్నది మంచిదో కాదో పోల్చి చూసుకునే వీలు పోయింది.

సర్దే చేతులు మూడు

ఈ బల్లని మూడు చేతులు సర్దుతాయి. ఏది ఏ చేయో తెలిస్తే సగం పని అయినట్టే.

మొదటి చేయి మనదే. మనం ఏం కొన్నాం, ఏం చూశాం, ఏది బుట్టలో వేసి వదిలేశాం అన్నది. అమెజాన్ 1998లోనే ఈ పద్ధతి మొదలుపెట్టింది. అది ఎలా పనిచేస్తుందో గ్రెగ్ లిండెన్, బ్రెంట్ స్మిత్, జెరెమీ యార్క్ అనే అక్కడి ఇంజనీర్లు 2003లో ఒక వ్యాసంలో వివరించారు. కిటుకు ఏమిటంటే, అది మనిషిని మనిషితో పోల్చదు, వస్తువుని వస్తువుతో పోలుస్తుంది. కుక్కర్ కొన్నవాళ్లు గాస్కెట్ కూడా కొంటున్నారా? అయితే ఆ రెంటికీ ముడి వేసి పెట్టుకుంటుంది. మీరు కుక్కర్ ముట్టుకోగానే గాస్కెట్ తెచ్చి ముందు పెడుతుంది. మీరెవరో, ఏ ఊరో దానికి తెలియక్కర్లేదు. మీరు ముట్టుకున్న వస్తువు తెలిస్తే చాలు.

రెండో చేయి డబ్బులు కట్టిన అమ్మకందారుడిది. సరుకు మీద “స్పాన్సర్డ్” అని చిన్న బూడిదరంగు అక్షరాలు ఉంటాయి చూడండి. అంటే అది మంచిదని పైకి రాలేదు, పైకి రావడానికి డబ్బులు కట్టారని. సూపర్‌మార్కెట్ల సైట్లలో కూడా ఈ ముద్ర కనిపిస్తుంది. చదివే అలవాటు చేసుకోండి.

మూడో చేయి స్టోర్‌ది. ఒకే వస్తువుని పదిమంది అమ్ముతుంటే, మీరు “బుట్టలో వేయి” అని నొక్కినప్పుడు ఆ అమ్మకం ఎవరికి పోవాలో స్టోరే తేలుస్తుంది. దాన్ని బై బాక్స్ అంటారు, ఫీచర్డ్ ఆఫర్ అని కూడా అంటారు. తన సరుకుకీ, తన గోడౌన్ వాడుకునేవాళ్ల సరుకుకీ అమెజాన్ అక్కడ పెద్దపీట వేస్తోందా అని ఇక్కడి పోటీ వ్యవహారాల సంస్థ సీఎంఏ 2022 జూలైలో విచారణ మొదలుపెట్టింది. 2023 నవంబర్‌లో అమెజాన్ కొన్ని హామీలు ఇచ్చింది, సీఎంఏ ఒప్పుకుంది. ఆ బాక్స్‌కి ఆఫర్‌ని ఎంచేటప్పుడు అందరినీ సమానంగా చూడాలి. పోటీ అమ్మకందారుల లెక్కలు తీసుకుని తన వ్యాపారానికి వాడుకోకూడదు. ఇవి అందులో ముఖ్యమైనవి.

ఇందులో మనకి అందేది ఏమిటంటే, బై బాక్స్‌లో ఉన్నదే తక్కువ ధర అని రాసిపెట్టి లేదు. కింద “ఇతర అమ్మకందారులు” అని ఉంటుంది. ఒక్కసారి నొక్కి చూడండి. డెలివరీ ఖర్చు కూడా కలిపి చూడాలి.

ఒక అకౌంటు, ఐదుగురు

ఇప్పుడు పరువు సంగతి. నాకు తెలిసిన ఒక తమ్ముడు ఉన్నాడు. అడిగి, తను సరే అన్నాకే చెప్తున్నాను. పేరూ ఊరూ వద్దన్నాడు, స్టోర్ పేరు కూడా వదిలేద్దాం. హేర్‌హిల్స్ వైపు ఒక ఇంట్లో ఐదుగురు ఉంటారు. డెలివరీ ఫీజు కలిసి వస్తుందని ఐదుగురికీ ఒకటే అకౌంటు. మన ఇళ్లలో మామూలే కదా.

ఈ తమ్ముడికి ఇరవై తొమ్మిదేళ్లకే షుగర్ అని తేలింది. ఇంటి దగ్గర సంబంధాలు చూస్తున్నారు. ముందు తనే తేరుకుని, అమ్మానాన్నలకి నెమ్మదిగా చెప్పి, తర్వాత ఆ పిల్ల వాళ్లకి కూడా తన నోటితోనే చెప్దామనుకున్నాడు. దాచే ఉద్దేశం లేదు, కాస్త టైం కావాలంతే. షుగర్ చూసుకునే స్ట్రిప్స్ ఆ అకౌంట్‌లోంచే రెండుసార్లు తెప్పించుకున్నాడు. పార్శిల్ తనే అందుకున్నాడు, డబ్బా తనే పారేశాడు. కానీ యాప్ ముఖం మీద ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి: షుగర్ ఉన్నవాళ్ల సాక్సులు, చక్కెర లేని బిస్కెట్లు, సూదులు పడేసే డబ్బా. ఇంట్లో ఉన్నవాళ్లలో ఒకతను వరసకి బావ. “ఎవర్రా ఇంట్లో షుగర్?” అని నవ్వులాటగా మొదలైంది. వారం తిరక్కుండా ఊళ్లో అమ్మ దగ్గర తేలింది. వీడియో కాల్‌లో ఆవిడ ఏడుస్తూ అడిగిన మొదటి మాట, “మాకెందుకు చెప్పలేదు నాన్నా?”

ఎవరూ కావాలని చేయలేదు. బావ చెడ్డవాడు కాదు. యంత్రానికి షుగరూ తెలియదు, సంబంధమూ తెలియదు. స్ట్రిప్స్ పక్కన సాక్సులు పెట్టింది, అంతే. కానీ ఆ మాట తల్లికి కొడుకు నోటి నుంచి చేరాల్సింది, ఇంకో దారిలో చేరింది. అది ఏ కస్టమర్ సర్వీసూ వెనక్కి ఇవ్వలేదు.

మందులు, గర్భం పరీక్ష కిట్, ఉద్యోగం మారేందుకు ఇంటర్వ్యూ పుస్తకం, ఊరెళ్లడానికి పెట్టె... ఇంట్లో చెప్పకముందే యాప్ చెప్పేయగల సంగతులు ఇన్ని ఉన్నాయి.

ఏం చేయొచ్చు

అమెజాన్ ఎక్కువమంది వాడతారు కాబట్టి దాంతోనే చెప్తాను. మెనూల్లో పేర్లు అప్పుడప్పుడూ మారుతుంటాయి. వెతికితే దొరుకుతాయి. యాప్‌లో కంటే బ్రౌజర్‌లో తేలిక.

ఒకటి, బ్రౌజింగ్ హిస్టరీ. మీరు చూసిన సరుకులన్నీ అక్కడ ఉంటాయి. ఒక్కొక్కటీ తీసేయొచ్చు, మొత్తం తీసేయొచ్చు, ఇకమీదట రాసుకోవద్దని ఆపేయొచ్చు కూడా. ముందు ఆపేయండి, తర్వాత తుడవండి.

రెండు, “ఇంప్రూవ్ యువర్ రికమండేషన్స్” అనే పేజీ. కొన్న సరుకుల జాబితా ఉంటుంది. ఒక్కో సరుకు పక్కన, దీన్ని సిఫార్సులకి లెక్కలోకి తీసుకోవద్దు అని చెప్పే వీలుంది. స్నేహితుడి బిడ్డకి కొన్న బొమ్మ, పక్కింటి పెద్దాయన కోసం తెప్పించిన మందు, ఇలాంటివి తీసేయండి. అది వస్తువుకి వస్తువుని ముడివేస్తుందని ఇందాక అనుకున్నాం కదా. ఇక్కడ చేసేది ఆ ముడి విప్పడమే.

మూడు, అడ్వర్టైజింగ్ ప్రిఫరెన్సెస్. మీ ఆసక్తులని బట్టి ప్రకటనలు చూపొద్దని అక్కడ ఎంచుకోవచ్చు. ఇలా చేస్తే ప్రకటనలు మాయం కావు. మిమ్మల్ని చూసి ఎంచినవి తగ్గుతాయి, అంతే. స్పాన్సర్డ్ సరుకులు వస్తూనే ఉంటాయి.

నాలుగు, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఎవరి అకౌంటు వాళ్లకి ఉండాలి. అకౌంటు తెరవడానికి డబ్బులు అక్కర్లేదు. సొంత సంగతి ఏదైనా ఉంటే మీ సొంత అకౌంట్‌లో కొనండి, లేదా బూట్స్‌కి వెళ్లి చేత్తో కొనుక్కోండి. పైన చెప్పిన మూడు పనులూ చేసినా, ఆర్డర్ల జాబితాలో మీరు కొన్నది అలాగే ఉంటుంది. ఆ పాస్‌వర్డు తెలిసినవాళ్లందరూ చూడగలరు. కుటుంబ సభ్యులు ప్రైమ్ పంచుకునే ఏర్పాటు ఉంది. అది పెట్టుకునేటప్పుడు మాత్రం కార్డు వివరాల గురించి దేనికి ఒప్పుకుంటున్నారో చదివి నొక్కండి.

ఐదు, నోటిఫికేషన్లు ఆపేయండి. రాత్రి రెండింటికి షిఫ్ట్ దిగి, ఒళ్లు అలిసిపోయి, ఇంటికి ఫోన్ చేద్దామంటే అక్కడ అందరూ పనుల హడావుడిలో ఉండే టైంలో, చేతిలో మిగిలేది ఫోనే. అప్పుడు “వీటిని కలిపి కొంటారు” అని మూడు సరుకులు కలిపి చూపిస్తే వేలు దానంతటదే నొక్కుతుంది. బుట్టలో వేసి వదిలేయండి. తెల్లారాక, నిద్ర లేచాక కొనండి. సగం అక్కర్లేదని మీకే తెలుస్తుంది.

చట్టం మన వైపు ఎంత

మనం వీసా మీద ఉన్నామని ఈ హక్కులు తగ్గవు. ఇక్కడి డేటా రక్షణ చట్టం, అంటే యూకే జీడీపీఆర్ ప్రకారం, మార్కెటింగ్ కోసం నా వివరాలు వాడొద్దు, నన్ను అంచనా కట్టొద్దు అని చెప్తే కంపెనీ ఆపాల్సిందే. ఎందుకని మీరు కారణం చెప్పక్కర్లేదు. నా గురించి మీ దగ్గర ఏముందో చూపించండి అని అడిగే హక్కు కూడా ఉంది. మామూలుగా నెలలోపు, ఉచితంగా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఐసీఓకి ఫిర్యాదు చేయొచ్చు.

ఆన్‌లైన్‌లో కొన్న చాలా వస్తువులని అందిన రోజు నుంచి 14 రోజుల్లో, మనసు మారిందని చెప్పి వెనక్కి ఇవ్వొచ్చు. పాడయ్యే తిండి సరుకులు, సీలు తీసిన కొన్ని వస్తువుల్లాంటివి దీని కిందకి రావు. ఇక 2025 ఏప్రిల్ 6 నుంచి దొంగ రివ్యూలని చట్టం సూటిగా నిషేధించింది. తప్పు చేసిన కంపెనీకి దాని ప్రపంచ టర్నోవర్‌లో పది శాతం దాకా జరిమానా వేసే అధికారం సీఎంఏకి వచ్చింది. మీకు ఇబ్బంది వస్తే సిటిజన్స్ అడ్వైస్ వాళ్ల వినియోగదారుల హెల్ప్‌లైన్ 0808 223 1133. కాల్‌కి డబ్బులు పడవు.

ఊళ్లో అమ్మానాన్నలకి ఇక్కడి నుంచి ఆర్డర్ పెట్టేవాళ్లు ఇంకో మాట వినండి. ఇక్కడి సైట్‌లో మార్చిన సెట్టింగు అక్కడి సైట్‌లో కూడా మారిందనుకోకండి, విడిగా చూసుకోండి. ఇండియాలో 2023 నవంబర్ 30న కేంద్రం డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు తెచ్చింది. మోసపు ఎత్తులు పదమూడు పేర్కొంది. మనకి తెలియకుండా బుట్టలో సరుకు చేర్చడం, ప్రకటనని ప్రకటనలా కనపడకుండా చూపడం అందులో ఉన్నాయి. నాన్నగారి బుట్టలో ఆయన వేయనిది ఏదైనా కనిపిస్తే 1915కి ఫోన్ చేయమనండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఇవన్నీ చేసినా పగ్గం మొత్తం మన చేతికి రాదు. మొదటి చేయి మనది కాబట్టి దాన్ని మనం సర్దుకోగలం. రెండోదాన్ని గుర్తుపట్టగలం. మూడోదాన్ని అదుపులో పెట్టాల్సింది చట్టం, మనం ఫిర్యాదు చేస్తే ఆ చట్టానికి బలం. ఇవాళ ఒక్క పని చేయండి చాలు. ఇంట్లో అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు, ఈ అకౌంటు ఎంతమంది వాడుతున్నాం అని అడగండి. మిగతా మాటలు వాటంతటవే వస్తాయి.

ఉంటానండీ. చలి ముదురుతోంది, డ్యూటీకి వెళ్లేవాళ్లు జాగ్రత్తగా వెళ్లి రండి.