కల్తీ కల్లు మానాలి, డాక్టరు సాయంతో మానాలి



వేల్పూర్ చుట్టుపక్కల ఊళ్లలో కల్లు కొత్త కాదు. పెండ్లికి కల్లు. పండుగకు కల్లు. పసుపు చేలో పనిచేసి మగవాళ్లు తాగుతారు. బీడీలు చుట్టి నడుం నొస్తే ఆడవాళ్లూ తాగుతారు.

కానీ చెట్టు మీంచి దించిన కల్లు వేరు. కల్తీ కల్లు వేరు. ఈత చెట్లు, తాటి చెట్లు తగ్గాయి. తాగేవాళ్లు తగ్గలేదు. అందుకని కొందరు నీళ్లలో శాక్రిన్ కలిపి తీపి తెస్తారు. మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలుపుతారు. డైజిపామ్, అల్ప్రాజోలం డాక్టరు చీటీ మీద, లెక్కగా వాడే మందులు. లెక్క లేకుండా కల్లులో పోస్తే అది విషమే.

రోజూ తాగితే ఏమవుతుంది? ఒళ్లు ఆ మందుకు అలవాటు పడుతుంది. ఉన్నట్టుండి ఆపితే చేతులు వణుకుతాయి. నిద్ర పట్టదు. కొందరు పిచ్చిగా మాట్లాడతారు. ఫిట్స్ వస్తాయి. ప్రాణం కూడా పోవచ్చు.

2015లో ఇదే జరిగింది. తెలంగాణలో కల్తీ కల్లు మీద అధికారులు దాడులు చేశారు. కల్లులో మందు తగ్గింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ దవాఖానలకు వందలమంది వచ్చారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ దవాఖానకూ పోయారు. కొందరు చనిపోయారు. అట్లని కల్తీని వదిలేయవచ్చా? వదలకూడదు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు.

అమెరికాలో మందు వేరు, బాధ ఒకటే. అక్కడ నల్లమందు జాతి నొప్పి మాత్రలు చాలామందికి అలవాటయ్యాయి. తర్వాత మాత్రలు ఇవ్వడం తగ్గించారు. ఎందరో అంతకంటే చెడ్డ మత్తుకు పోయారు. 2021లో అక్కడ మత్తు మందులు ఎక్కువై లక్షమందికి పైగా చనిపోయారు. సరుకు ఆపితే చాలదు. అలవాటు పడ్డ మనిషికి వైద్యం కావాలి.

మరి ఇంట్లో ఏం చేయాలి?

తాగే మనిషిని తిట్టకండి, కొట్టకండి, గదిలో పెట్టి తాళం వేయకండి. ఇది జబ్బు. సర్కారు దవాఖానకు తీసుకుపోండి. రోజుకు ఎన్ని సీసాలు తాగేదీ దాచకుండా చెప్పండి. డాక్టరు మందు ఇచ్చి, మెల్లమెల్లగా తగ్గిస్తారు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. అలవాటు మాన్పించే సలహాకు 14446 ఉంది. దీనికి పైసలు పడవు. పిల్లలకు కల్లు చుక్క కూడా పట్టకండి.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు చదువు నేర్చుకున్నారు. సారా మీద తిరగబడ్డారు. ఆ పోరు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 2001లో వేల్పూర్ మండలంలో ఊరూరూ కదిలింది. పనికి పోయే పిల్లలను బడిలో చేర్చారు. బాల కార్మికులు లేని మండలంగా పేరొచ్చింది.

పిల్లలను బడికి పంపిన ఊళ్లు, తాగుడు జబ్బు పడ్డవాళ్లను దవాఖానకు పంపలేవా?

ఆలోచించండి. సంఘంలో మాట్లాడండి:
మన వాడలో కల్లు లేకపోతే వణికేవాళ్లు ఎవరు?
వాళ్ల వెంట దవాఖానకు ఎవరు పోతారు?